ఇంటికెన్ని పొయ్యిలు

పోయినసారి టపాకాయల మోత దగ్గర ఆపాను. పేలింది ఎవరింటి ముందో కాదు, మా ఇంటి ముందే. తెల్లవారుతుండగా మా గుమ్మంలో ఒక నిలువెత్తు ఎర్ర సరం పటపటా పేలి షింగ్‌జువాంగ్ ఊరు మొత్తాన్ని పక్కల మీంచి లేపింది.

మధ్యలో వచ్చి కూచున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. జెంగ్‌జౌ నగరం మా గోధుమ చేల దాకా వచ్చేసింది. చేల చుట్టూ నీలం రేకులు బిగించారు. మా గోడల మీద ఎర్ర రంగుతో సున్నా చుట్టి, లోపల 'కూల్చాలి' అని రాసిపోయారు. సంతకం పెట్టినవాళ్లకి కొత్త మేడల్లో కుటుంబానికొక ఫ్లాటు ఇస్తారు. మా దగ్గర కుటుంబం అంటే పొయ్యి. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక కుటుంబం, అంతే. మాది ఒకటే పొయ్యి. నేను, మా ఆయన యోంగ్‌మావ్, మరిది షుయెబిన్, తోటికోడలు శావ్‌యున్, అత్తయ్య, హాస్టళ్లలో చదువుకుంటున్న పిల్లలు, అందరం కలిపి ఒక్క ఫ్లాటులో కూరుకోవాలా? పెళ్లయి వచ్చిన దగ్గర్నించి నాకంటూ ఒక తలుపు లేదు. నాకు ఆ తలుపు కావాలి. అందుకే పోయిన నెల దొంగ వేరుకాపురం పెట్టాం. పడమటి గదిలో జొన్నపొత్తులు తీసేసి రెండో పొయ్యి కట్టాం. గోడకి ఎర్రసున్నా చుట్టాక వేరుపడితే చెల్లదు కాబట్టి, వేరుపడి నాలుగేళ్లయిందని కూల్చివేతల ఆఫీసులో చెప్పాం. కొత్త ఇటుకలకి పాత మసి నా చేతుల్తో నేనే పూశాను.

ఇంకొక సంగతి. ఎక్కువ చోటు ఇస్తామనేదాకా ఎవరూ ముందు సంతకం పెట్టకూడదని ఊరంతా మాటనుకున్నాం. ఎవరింటికి ఆఫీసువాళ్లు వెళితే వాళ్లు ఏదో ఒక వంక చెప్పి పంపేవాళ్లు. మా ఇంటి వంక "అమ్మ ఒప్పుకోవట్లేదు." రెండేళ్లుగా అన్నదమ్ములిద్దరూ ఆ ఒక్క మాటే అరగదీశారు.

మా ఊళ్లో సంతకం పెట్టిన ఇంటి ముందే సరం కాలుస్తారు. ఇంటికి అదే వీడ్కోలు. ఆ సరం కూడా ఆఫీసువాళ్లే ఉచితంగా ఇస్తారు, అదొక్కటే వాళ్లు బేరమాడకుండా ఇచ్చేది. మరి మా ఇంటి ముందు ఎవరు కాల్చినట్టు?

మా ఆయన ఒక కాలికే చెప్పు వేసుకుని వాకిట్లోకి పరిగెత్తాడు. ఎర్ర కాగితం ముక్కల మధ్య షుయెబిన్ అప్పటికే నిలబడి ఉన్నాడు.

"పెట్టేశావన్నమాట!" అన్నాడు మరిది. "మాటవరసకి నాకొక ముక్క చెప్పలేదేం అన్నయ్యా?"

"నేనా? పెట్టింది నువ్వయి నన్నంటావేంట్రా?"

"నాకేం ఖర్మ!"

శావ్‌యున్ జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చింది. "బావగారు నిన్న పొద్దుపోయాక మటన్ నూడుల్స్ వాసనేసుకుని వచ్చారు. ఆఫీసు పక్క హోటల్లో తప్ప అంత వెల్లుల్లి ఎవరేస్తారు? ఉత్తినే తినిపించరుగా."

నాకు ఒళ్లు మండింది. "నీ సంగతి చెప్పు ముందు. వారం నించి ఉప్పు డబ్బాకి తాళం వేస్తున్నావు. దొంగ వేరుకాపురానికి నిజం తాళం ఎందుకే?"

"తనిఖీకి వస్తే ఉప్పు కలిసి ఉండకూడదని నువ్వే అన్నావుగా అక్కా!"

అన్నానా? అనే ఉంటాను. కానీ మటన్ నూడుల్స్ సంగతి నాకు చెప్పనేలేదు మా ఆయన. ఆయన కళ్లలోకి చూశాను. ఆయన తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు పెళ్లాం వంక చూశాడు. ఎవరు దొంగో తెలీదు కానీ అందరం భుజాలు తడుముకుంటున్నాం.

ఇంతలో పక్కింటి ఖూ పిన్ని గోడ మీంచి తల పెట్టింది. "ఏం లాన్‌ఫెన్, మొన్న మీటింగులో 'ప్రాణం పోయినా సంతకం పెట్టం' అని అందరికంటే ముందు లేచింది నీ గొంతేగా? ప్రాణం బాగానే ఉన్నట్టుందే!"

"పిన్నీ, ఒట్టు! మేం పెట్టలేదు!"

"మరి ఈ సరం నక్క కాల్చిందా?" అని తల దించేసుకుంది. మధ్యాహ్నానికి ఊరంతా పాకుతుంది ఆ మాట.

అప్పుడే గేటు తోసుకుని ఆఫీసు ఉద్యోగి నియే వచ్చాడు. మెత్తటి మనిషి. చేతిలో ఎప్పుడూ టీ ఫ్లాస్కు ఉంటుంది, ఎన్నిసార్లు వెళ్లగొట్టినా నవ్వుతూనే వెళ్తాడు. ఈసారి ఆపిల్ పళ్ల పెట్టె, పట్టు గుడ్డతో చేసిన పెద్ద ఎర్ర పువ్వు కూడా తెచ్చాడు.

"అభినందనలు! ఎంత మంచి మాట! సహకరించిన కుటుంబానికి ఈ పువ్వు."

"ఏ కుటుంబానికి?" మా ఆయనా మరిదీ ఒక్క గొంతుతో అడిగారు.

నియే కాస్త తికమకపడ్డాడు. "అదేనండీ, మీ మూడో కుటుంబానికి."

నా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. రెండోదే మేం మసి పూసి పుట్టించిన కుటుంబం. మూడోది ఎక్కణ్ణించి ఊడిపడింది?

"లెక్క తప్పారు సార్," అన్నాను. "ఇక్కడ పొయ్యిలు రెండే."

"వెనక మేకల కొట్టంలో ఉన్నది పొయ్యి కాదామ్మా?"

మేకలు అమ్మేసి చాలా కాలమైంది. ఆ కొట్టం వైపు మేమెవరం వెళ్లం. అందరం ఇంటి వెనక్కి నడిచాం. నిప్పు లేనిదే పొగ రాదంటారు, కొట్టం కప్పు మీంచి సన్నటి పొగ వస్తోంది. ఆ పొగ నేను ఇంతకుముందు చూడలేదని చెప్పలేను. చూసి, ఖూ పిన్ని వాళ్లదనుకున్నాను.

లోపల బొగ్గుబిళ్లల పొయ్యి మీద కొర్ర జావ ఉడుకుతోంది. వెనక గోడకి కొత్త పొయ్యిదేవుడి బొమ్మ అంటించి ఉంది. ముక్కాలి పీట మీద మా అత్తయ్య కూచుని వెల్లుల్లి ఒలుస్తోంది. పక్కన ఆవిడ తమ్ముడు, అంటే మా ఆయన వాళ్ల మేనమామ, గిన్నె మూతికి పెట్టుకుని జావ జుర్రుతున్నాడు. వేరుకాపురాలు మేనమామ చేతుల మీదుగానే జరగాలి మా దగ్గర. మా దొంగ వేరుకాపురం కూడా ఆయనే జరిపించాడు.

"సరం నువ్వు కాల్చావా అమ్మా?" అన్నాడు మా ఆయన.

"నాకు అగ్గిపుల్ల భయం. మీ మామయ్య కాల్చాడు. సంతకం మాత్రం నేనే పెట్టాను."

"ఈ పొయ్యేంటి? ఎప్పట్నించి వండుకుంటున్నావు?"

"మీరు వేరుపడ్డ మర్నాటి నించి."

"అయ్యో, మేం నిజంగా వేరుప..." నేను మా ఆయన కాలు తొక్కాను. నియే పక్కనే ఉన్నాడు. మా ఆయన మాట మింగేశాడు.

అత్తయ్య అంతా చూస్తూనే ఉంది. "చెప్పు నాయనా, ఆగిపోయావేం? నిజంగా పడలేదా?"

పడలేదంటే ఫ్లాటు పోతుంది. పడ్డామంటే కన్నతల్లిని మేకల కొట్టంలోకి తోసిన వాళ్లమవుతాం. కుడితిలో పడ్డ ఎలుకల్లా నలుగురం నిలబడ్డాం.

"నిజంగానే పడ్డాంలే," అన్నాడు షుయెబిన్ నేల చూస్తూ.

నియే చేతిలో ఫ్లాస్కు మూత అలాగే ఉండిపోయింది. "అంటే... నాలుగేళ్ల నించి ఈవిడకి మీరెవరూ తిండి పెట్టలేదా?"

నాలుగేళ్లు! నాలుగేళ్లు కాదు బాబూ, నెలే అని అరవాలనిపించింది. అరిస్తే మసి అంతా కడిగినట్టే. నెల మాత్రం తక్కువా అని ఇంకో పక్క లోపల్నించి ఎవరో అడుగుతున్నారు.

మామయ్య గిన్నె కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. "మేనమామగా నేను అడగాల్సినవి మూడూ అడిగాను. ఇల్లు ఎవరికెంత? గిన్నెలు ఎవరికెన్ని? అమ్మ ఎవరి పొయ్యి మీద తింటుంది? మీ నాన్న ఫొటో ముందు అగరొత్తులు వెలుగుతుండగా అడిగాను. మొదటి రెండిటికీ టకటకా చెప్పారు. మూడోదానికి ఏమన్నార్రా?"

నాకు గుర్తుంది. ఒప్పుకోని ముసలివాళ్లున్న ఇంటికి అంతస్తు ఎంచుకునే వంతు ఆఖర్న వస్తుందని ఆఫీసు నించి ఒక పుకారు లేచింది అప్పుడు. మా ఆయన "అమ్మ షుయెబిన్ దగ్గర" అన్నాడు. షుయెబిన్ "కాదు, అన్నయ్య దగ్గర" అన్నాడు. ఎలాగూ నాటకమే కదా అని అందరం పకపకా నవ్వాం. మామయ్య మాత్రం నవ్వలేదు. మూడో ప్రశ్న అలాగే వదిలేసి మందు గ్లాసు అందుకున్నాడు.

"ఆ సాయంత్రం నా గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను," అంది అత్తయ్య. తిట్టినట్టు లేదు, ఏడ్చినట్టూ లేదు. ఎవరో పరాయివాళ్ల సంగతి చెబుతున్నట్టుంది. "ఈ గుమ్మమా, ఆ గుమ్మమా? పెద్దకోడలు చిన్నదాని దగ్గర తిన్నాననుకుంది. చిన్నది పెద్దదాని దగ్గర అనుకుంది. చాలాసేపు నిలబడి, నా గిన్నె నేనే తీసుకుని ఇటొచ్చాను. మర్నాడు తమ్ముడు పొయ్యి తెచ్చిచ్చాడు."

శావ్‌యున్ నా వంక తిరిగింది. "నువ్వు పెడుతున్నావనుకున్నా అక్కా. ఒట్టు."

"నేనూ అంతే," అన్నాను. అది అబద్ధం కాదు. కానీ నిజమైనంత మాత్రాన నోట్లోంచి తేలిగ్గా రాలేదు. నెల పొడుగునా వాకిట్లో రోజూ ఎదురుపడ్డాం. "తిన్నావా అత్తయ్యా?" అని మా దగ్గర అందరూ అందర్నీ అడిగినట్టే అడిగాను. "తిన్నానే," అనేది. దాటిపోయేదాన్ని.

"అంత కోపం వస్తే మాత్రం ఇంటికే ఎసరు పెడతావా అమ్మా!" మా ఆయన ఒక్కసారిగా గొంతు పెంచాడు. "నువ్వు ఇల్లు వదలనంటున్నావనే కదా రెండేళ్లుగా ఊరందరి ముందూ..."

"ఎవరితో అన్నాను?"

"అంటే... నువ్వు..."

"ఎవరితో అన్నాన్రా? మీరిద్దరూ నా మొండితనాన్ని సంతలో పెట్టి అమ్ముకున్నారు. ఏం అమ్మా, వెళ్దామా అని ఎవరైనా నన్నడిగారా? చలికాలం మంచు మీద నడిచి పెరటి దొడ్డికి వెళ్తూ జారి తుంటి విరగ్గొట్టుకున్నది నేను. గొట్టాల్లో వేడి వచ్చే గదులట, ఇంట్లోనే దొడ్డట. నాకెందుకొద్దు? ఈ గోడల మీద మీకంత ప్రేముంటే మీరుండండి."

నియే పాపం తల గోక్కున్నాడు. "అమ్మగారూ, మిమ్మల్ని ఒప్పించడానికి ఏం మాట్లాడాలో రెండేళ్లుగా అద్దం ముందు బట్టీ పట్టాను. మీకు గుండె జబ్బనీ, నా పేరు వింటేనే పడిపోతారనీ మీ అబ్బాయిలు గేటు దాటనివ్వలేదు."

"నీ పేరు మొన్నే విన్నాను. పడిపోలేదుగా," అంది అత్తయ్య.

మామయ్యకి నవ్వుతో పొలమారింది. నాకూ నవ్వొచ్చింది, అంతలోనే కళ్లు మండాయి. కోపం ఎవరి మీదో తెలియలేదు. సంతకం అయిపోయింది, ఊరికిచ్చిన మాట పోయింది. మరి ఆ తలుపు నాదవుతుందా, అవదా? అప్పుడు కూడా ముందు ఆ ఆలోచనే వచ్చింది నాకు.

దానికి జవాబు నియేనే చెప్పాడు. ఇల్లు అత్తయ్య పేరున ఉంది. ఇంటి యజమాని పొయ్యికి పాతా కొత్తా లేదు, ఆవిడ ఫ్లాటు ఆవిడకి ఖాయం. మిగతా రెండు పొయ్యిల సంగతి అలా కాదు. "అవి నిజంగా నాలుగేళ్ల నాటివేనా అని యజమానిని అడిగి రాసుకోవాలమ్మా. మీరెలా చెబితే అలా."

అందరం అత్తయ్య మొహంలోకి చూశాం. ఆవిడ వెల్లుల్లి రెబ్బ గోటితో గిల్లింది.

"సాయంత్రం భోజనాల వేళకి రా. చెబుతాను."

ఆ మధ్యాహ్నం మా వాకిట్లో జరిగిన వంట మా పెళ్లిళ్లకి కూడా జరగలేదు. నేను గోధుమపిండి పిసికి, చేతులు పడిపోయేలా నూడుల్స్ సాగదీశాను. మటన్ ఎముకలు పొద్దుకుంకే దాకా మరిగించాను. పడమటి గదిలోంచి శావ్‌యున్ ఆవిరి రొట్టెల వాసన వస్తోంది. మా ఆయనా మరిదీ చెరో గుమ్మంలో కూచుని ఒకరి వంక ఒకరు చూడకుండా సిగరెట్లు కాల్చారు. అత్తయ్య ఎవరి దగ్గర తింటే వాళ్ల పొయ్యి నిజమంటుందని ఎవరూ చెప్పలేదు. అయినా మాకు మేమే అలా అనుకున్నాం.

కాసేపటికి శావ్‌యున్ నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహమంతా చెమట. "అక్కా, కాస్త వెనిగర్ ఉందా? నాది అయిపోయింది."

ఆ పిల్ల ఉప్పుకి తాళం వేసింది. ఇప్పుడు వెనిగర్ కావాల్సొచ్చిందా అని అడగబోయాను. కానీ చెయ్యి దానంతటదే సీసా అందుకుంది. ఎందుకిచ్చానో ఇప్పటికీ తెలీదు.

"మరీ ఎక్కువ వెయ్యకే. అత్తయ్యకి పులుపు పడదు," అన్నాను.

"తెలుసులే," అని వెళ్లిపోయింది.

పొద్దు వాలింది. నియే ఫ్లాస్కుతో పీట మీద కూచున్నాడు. మామయ్య గోడకి ఆనుకున్నాడు. అత్తయ్య నీలం అంచు గిన్నె పట్టుకుని వచ్చి వాకిలి మధ్యలో నిలబడింది. మేం వేరుపడ్డ సాయంత్రం కూడా అక్కడే నిలబడి ఉంటుంది.

"అమ్మా, ఇటు రా, వేడివేడిగా ఉంది!" అన్నాడు మా ఆయన.

"అమ్మా, నీకు మెత్తటి రొట్టెలు చేసిందే శావ్‌యున్!" అన్నాడు మరిది.

ఆవిడ ఎటూ కదల్లేదు. గేటు వైపు చూస్తోంది. ఎవరి కోసమా అనుకునేలోపే గేటు కిర్రుమంది. వీపు మీద ఇనప బాణలి, చేతిలో గుడ్డల మూట. లోపలికొచ్చింది సూమెయ్ వదిన, మా ఆయనకీ మరిదికీ అక్క. మొగుడు వెళ్లగొట్టాక స్టేషను దగ్గర రొట్టెల దుకాణంలో పనిచేస్తూ అక్కడే పడుకుంటోంది. పెళ్లయిన కూతురు పారబోసిన నీళ్లంటారు మా ఊళ్లో. మా వేరుకాపురానికి ఆవిణ్ణి పిలవాలని ఎవరికీ తట్టనే లేదు.

"అక్కా?" అన్నాడు షుయెబిన్.

అత్తయ్య నియే వైపు తిరిగింది. "మూడో పొయ్యి మీద తినేవాళ్లం ఇద్దరం. రాసుకో బాబూ. మిగతా రెండు పొయ్యిల సంగతి దీన్నడుగు. నేను తల్లిని, నా నోటితో నా కొడుకులకి ఫ్లాటు ఇవ్వలేను, తియ్యలేను. ఇది ఏం చెబితే నా మాట అదే."

మా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎందుకో నాకు తెలుసు.

సూమెయ్ వదిన బాణలి దించి అరుగు మీద పెట్టింది. తిన్నగా నా వంటింట్లోకి వచ్చింది. వెనకే నియే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ పొయ్యి ఇటుకల మీద వేలు రాసి, అంటిన మసి చూసుకుంది.

"మూడు చలికాలాల కిందట మొగుడు తన్ని తగిలేస్తే ఈ గేటు దాకా వచ్చాను లాన్‌ఫెన్," అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మంచు పడుతోంది. తమ్ముళ్లిద్దరూ బయటికొచ్చి 'అమ్మ ఒప్పుకోవట్లేదక్కా' అని పంపేశారు. నేనొచ్చానని కూడా అమ్మకి తెలీదని మొన్న మామయ్య చెప్పేదాకా నాకు తెలీలేదు. వాళ్లు బయటికొచ్చేముందు లోపల పొయ్యి దగ్గర కూచుని ఏదో అనుకున్నారు. మీ మాటలు గేటు దాకా వినబడ్డాయి. ఆ అనుకున్నది ఏ పొయ్యి దగ్గరో చెప్పు. నీ పొయ్యి దగ్గరైతే నీది పాత పొయ్యే అని నేను ఈయనతో చెప్తాను. శావ్‌యున్ పొయ్యి దగ్గరైతే దానిది పాతదని చెప్తాను. నాకింకేం అక్కర్లేదు."

వాకిట్లో అత్తయ్య వింటోంది. నాదంటే, తలుపు నాకొస్తుంది, ఆవిడ కూతుర్ని మంచులోకి పంపిన పొయ్యి కూడా నాదే అవుతుంది. శావ్‌యున్‌దంటే, ఇందాక నా వెనిగర్ పట్టుకెళ్లిన పిల్ల నెత్తిన ఆ పాపం వేసినట్టు. ఇక నిజం చెబుదామా అంటే, ఆ చలికాలం ఈ ఇంట్లో ఉన్నది ఒకటే పొయ్యి. దాని చుట్టూ నలుగురం కూచున్నాం. అది చెబితే మా నాలుగేళ్ల వేరుకాపురం అబద్ధమని తేలిపోతుంది.

"చెప్పమ్మా," అన్నాడు నియే మెల్లిగా. "అప్పుడు ఇంట్లో ఎన్ని పొయ్యిలు?"

పొయ్యి మీద నూడుల్స్ పొంగి నిప్పుల మీద పడ్డాయి. ఎవరూ దించలేదు. నేను నోరు తెరిచాను.